గుమ్మానికి అడ్డం: బేస్‌బాల్‌లో దారి ఎవరిది?

(ఒక ఆదివారం సాయంత్రం, కాలిఫోర్నియాలో తెలుగు కుటుంబాల కలయికలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినపడుతోందా? చెయ్యెత్తండి. సరే.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నేను బేస్‌బాల్ ఆడినవాణ్ణి కాను. మీలో చాలామందిలాగే క్రికెట్‌తో పెరిగినవాణ్ణి. మావాడు ఇక్కడ పిల్లల లీగులో చేరాడు. వాణ్ణి దింపడానికి వెళ్లి కంచె అవతల నిలబడేవాణ్ణి. ఓ రోజు అంపైరు రాలేదు. "మీరు రోజూ వస్తారుగా, ఈ పూటకి మీరు నిలబడండి" అన్నారు. నిలబడ్డాను. ఇప్పటిదాకా మళ్లీ కూర్చోనివ్వలేదు. (నవ్వులు)

ఈ రోజు మాట్లాడమన్నది చాలా చిన్న విషయం గురించి. పరుగెత్తేవాడు, ఫీల్డరు ఒకరినొకరు గుద్దుకుంటే తప్పు ఎవరిది? విషయం చిన్నదే గానీ దీని మీద వందేళ్లకు పైగా కొట్టుకున్నారు. కాళ్లు విరిగాయి, భుజాలు పోయాయి, రెండు పెద్ద నిబంధనలు పుట్టాయి.

మనకి తెలిసిన రనౌట్‌తో మొదలుపెడదాం. బ్యాట్స్‌మన్ చేరాల్సింది క్రీజు గీతని. ఆ గీత బారుగా ఉంటుంది, ఎటు పక్కనుంచైనా బ్యాటు ఆనించొచ్చు. కీపర్ పడగొట్టాల్సింది వికెట్లని. అంటే ఒకడి పని గీత దగ్గర, రెండోవాడి పని కర్రల దగ్గర. ఇద్దరూ ఒకరి ఒళ్లు ఒకరు ముట్టుకోవాల్సిన అవసరమే లేదు. ఎప్పుడో ఒకసారి బౌలరూ బ్యాట్స్‌మనూ తగులుకుంటారు, కాస్త గొడవవుతుంది, అంతే.

బేస్‌బాల్‌లో హోమ్ ప్లేట్ దగ్గరికి రండి. నేలకు సమంగా పరిచిన తెల్ల రబ్బరు పలక. ఐదు మూలలు. వెడల్పు 17 అంగుళాలు, జానెడూ జానెడు అనుకోండి. మూడో బేసు నుంచి అక్కడికి 90 అడుగులు. బంతి కొట్టినవాడు మూడు బేసులూ చుట్టి ఇక్కడికే తిరిగొస్తే పరుగు, అందుకు రన్నరు ఆ పలకని తాకాలి. క్యాచర్, మన కీపర్ లాంటివాడు, బంతిని చేత్తో పట్టుకుని రన్నరు ఒంటికి తాకించాలి, దీన్నే ట్యాగ్ అంటారు. ఇద్దరికీ ఒకే చోటు కావాలి, అదీ ఒకే క్షణంలో. పైగా ఒకడు పూర్తి వేగంతో వస్తున్నాడు, ఇంకొకడు వాడివైపు చూడకుండా అవుట్‌ఫీల్డ్ నుంచి వస్తున్న బంతివైపు చూస్తున్నాడు. ఇక ఢీ కొట్టకపోతేనే ఆశ్చర్యం. ఆట అమరికలోనే ఆ గుద్దు ఉంది.

అందుకే నిబంధనల పుస్తకం దారి ఎవరిదో ముందే పంచిపెట్టింది. బ్యాటుకు తగిలి వస్తున్న బంతిని ఫీల్డరు అందుకోబోతుంటే దారి ఫీల్డరుది. రన్నరే తప్పుకోవాలి. తప్పుకోకపోతే ఇంటర్‌ఫియరెన్స్, రన్నరు అవుట్. ఆ సందర్భం కాకపోతే దారి రన్నరుది. చేతిలో బంతి లేకుండా, బంతి అందుకునే పనిలో కూడా లేకుండా ఫీల్డరు అడ్డం ఉంటే అబ్‌స్ట్రక్షన్. అప్పుడు రన్నరుకి బేసు ఇచ్చేస్తారు. వీటిలో ఎక్కడ చూసినా ముందు అడగాల్సింది ఒక్కటే, ఆ క్షణాన బంతి ఎక్కడుంది అని.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు మా దగ్గరుంది. ఒక శనివారం మ్యాచ్‌కి తీసుకెళ్లాను. ఆవిడకి ఈ ఆట ఓనమాలు తెలియవు. నేను ప్లేట్ వెనక అంపైరుగా ఉన్నాను. ఒక పిల్లాడు మూడో బేసు నుంచి పరుగెత్తుకొస్తున్నాడు. క్యాచర్ కుర్రాడు, పదేళ్లుంటాయేమో, రెండు కాళ్లూ ప్లేట్‌కి అడ్డంగా పెట్టి రాయిలా నిలబడ్డాడు. బంతి ఇంకా రెండో బేసు దగ్గరెక్కడో దొర్లుతోంది. వచ్చేవాడికి ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు. ఈలోగా బంతి వచ్చింది, ట్యాగ్ చేశాడు. నేను అవుట్ ఇచ్చాను. కంచె అవతల నుంచి మా అమ్మ గొంతు ఖంగుమంది: "చేతిలో బంతి లేకుండా ఆ పిల్లాడు గుమ్మానికి అడ్డం నిలబడ్డాడేంట్రా! వాడు ఇంట్లోకెట్లా వస్తాడు?" (నవ్వులు)

ఆవిడ చెప్పిందే నిబంధన. నాకు తెలియక కాదు. ధైర్యం చాలలేదు. ఆ క్యాచర్ వాళ్ల నాన్న నా వెనకే కుర్చీలో ఉన్నాడు, "గుడ్ బ్లాక్" అని అప్పటికే చప్పట్లు కొడుతున్నాడు. నేను చేతులు చాచి అబ్‌స్ట్రక్షన్ అనాల్సింది, అనలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ప్రొఫెషనల్ ఆటలో కూడా కొన్ని దశాబ్దాలు జరిగింది అచ్చం ఇదే. బేస్‌లైన్ రన్నరుదని, క్యాచర్ బంతిని అందుకుంటున్నప్పుడో, బంతి చేతికి చిక్కాకో తప్ప అక్కడ ఉండకూడదని పుస్తకంలో ఎప్పటినుంచో రాసే ఉంది. హోమ్ ప్లేట్ దగ్గర మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ప్లేట్‌కి అడ్డం పడటం క్యాచర్ మగతనం, వాణ్ణి గుద్ది పడెయ్యడం రన్నరు మగతనం. మధ్యలో అంపైరు బంతి కింద పడిందా లేదా అని మాత్రమే చూసేవాడు. బంతి జారితే సేఫ్, జారకపోతే అవుట్. ఇక రన్నరుకి మిగిలిన దారేమిటి? బంతి జారేంత గట్టిగా గుద్దడమే.

ఆ గుద్దుల్లో అందరూ చెప్పుకునేది 1970 ఆల్‌స్టార్ మ్యాచ్‌లోది. జూలై 14, సిన్సినాటి. రెండు లీగుల్లోని పేరున్నవాళ్లని ఏరి ఆడించే ప్రదర్శన మ్యాచ్ అది. అధ్యక్షుడు నిక్సన్ కూడా వచ్చి చూశారు. స్కోరు 4-4, తొమ్మిది ఇన్నింగ్స్‌తో అయిపోవాల్సిన ఆట 12వ ఇన్నింగ్స్‌కి వెళ్లింది. సిన్సినాటి సొంత హీరో పీట్ రోజ్ రెండో బేసు నుంచి బయలుదేరాడు. జిమ్ హిక్‌మన్ కొట్టిన బంతిని సెంటర్ ఫీల్డ్ నుంచి ఏమోస్ ఓటిస్ విసిరాడు. ప్లేట్ దగ్గర క్లీవ్‌లాండ్ క్యాచర్ రే ఫాసీ, 23 ఏళ్లవాడు, దారి మీదకి కాస్త ముందుకొచ్చి బంతి కోసం చూస్తున్నాడు. రోజ్ తల ముందుకు పెట్టి డైవ్ చేయబోయినట్టు వంగి, మధ్యలో మనసు మార్చుకుని భుజంతో వెళ్లి గుద్దాడు. ఫాసీ పల్టీ కొట్టాడు. రోజ్ జట్టు నేషనల్ లీగ్ 5-4తో గెలిచింది.

ముందు రోజు రాత్రి ఈ ఇద్దరూ కలిసి భోజనం చేశారు. అదీ విచిత్రం. ఫాసీ ఎడమ భుజానికి అయిన దెబ్బ ఏమిటో అప్పుడు తీసిన ఎక్స్‌రేలో తేలలేదు, ఎముక విరిగిందని మరుసటి ఏడాది గాని బయటపడలేదు. అప్పటిదాకా అలాగే ఆడాడు. ఆ ఏడాది ఆల్‌స్టార్ విరామానికి ముందు మన సిక్సర్ల లాంటి హోమ్ రన్లు 16 కొట్టినవాడు, ఆ తర్వాత రెండే కొట్టాడు. 2021లో పోయేదాకా ఆ భుజం నొప్పి పోలేదు. రోజ్‌కి ఏ శిక్షా లేదు, ఉండటానికి తప్పంటూ లేదు కూడా. అప్పటి లెక్కల్లో అది గట్టి ఆట. మా తరంవాళ్లు ఇక్కడ టీవీలో ఆ దృశ్యం ఎన్నిసార్లు చూశామో. వేసిన ప్రతిసారీ మెచ్చుకుంటూనే వేశారు.

తర్వాత 41 ఏళ్లు ఏమీ మారలేదు.

2011 మే 25, శాన్ ఫ్రాన్సిస్కో. ఇక్కడున్నవాళ్లలో కొందరు ఆ రోజు స్టేడియంలో ఉండే ఉంటారు. జెయింట్స్‌కీ ఫ్లోరిడా మార్లిన్స్‌కీ మ్యాచ్, ఇదీ 12వ ఇన్నింగ్సే, స్కోరు 6-6. మూడో బేసులో మార్లిన్స్ రన్నరు స్కాట్ కజిన్స్. ఇమీలియో బొనిఫాసియో కుడివైపు గాల్లోకి కొట్టాడు, పెద్ద దూరమేం కాదు. నేట్ షియర్‌హోల్ట్స్ పట్టి విసిరాడు. ఆ క్యాచ్ పట్టే దాకా ఆగి కజిన్స్ పరుగు లంకించుకున్నాడు.

ఇక్కడ నెమ్మదిగా చూద్దాం. ప్లేట్ ముందు జెయింట్స్ క్యాచర్ బస్టర్ పోజీ. 24 ఏళ్లు. ముందు ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి, జట్టుకి వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి లీగు కప్పు. మోకాళ్ల మీద ఉన్నాడు. ఎడమ పాదం వెనక్కి మడతపడి ఒంటి కింద ఉంది. బంతి అతని ముందు నేలకి తగిలి లేచింది. ట్యాగ్ చెయ్యాలన్న తొందరలో ఒళ్లు తిప్పుతున్నాడు గానీ, బంతి చేతికి పూర్తిగా చిక్కనేలేదు. అదే క్షణంలో కజిన్స్ భుజం తగిలింది. ఒళ్లంతా వెనక్కి పడింది, పాదం మాత్రం ఎక్కడున్నది అక్కడే ఉండిపోయింది. చీలమండ దగ్గర లిగమెంట్లు తెగిపోయాయి, ఎడమ కాలి ఎముక విరిగింది. పోజీ బోర్లా పడి మట్టిని చేత్తో కొడుతున్నాడు. బంతి పక్కన పడి ఉంది. మార్లిన్స్ 7-6.

రీప్లే మళ్లీ మళ్లీ చూస్తే ఒక సంగతి కనపడుతుంది. పోజీ ప్లేట్ మొత్తం మూసెయ్యలేదు. కజిన్స్ పక్కగా స్లైడ్ చేస్తే, అంటే నేల మీద జారుతూ వెళితే, పలక అందేదేమో అన్నవాళ్లు చాలామంది. అంత వేగంలో నాకు అడ్డమే కనపడింది అని కజిన్స్ అన్నాడు. నేను ఆయన్ని తప్పుపట్టను. నలభై ఏళ్లుగా అందరూ చప్పట్లు కొట్టిన పనే ఆ కుర్రాడు చేశాడు. దానికి చంపేస్తామని బెదిరింపులు కూడా వచ్చాయి పాపం. పోజీకి ఆ ఏడాది ఆట ముగిసింది. మరుసటి ఏడాది తిరిగొచ్చి .336 సగటుతో లీగులో అత్యుత్తమ ఆటగాడయ్యాడు, జెయింట్స్ మళ్లీ వరల్డ్ సిరీస్ గెలిచారు. అది వేరే కథ.

పోజీకి అప్పటి మేనేజరు బ్రూస్ బోచీ, తనూ ఒకప్పుడు క్యాచరే. అప్పటి సెయింట్ లూయిస్ మేనేజరు మైక్ మథీనీ కూడా క్యాచరే. తలకి తగిలిన దెబ్బల వల్ల, కంకషన్ల వల్ల, ఆట మానుకోవాల్సి వచ్చినవాడు. ఇది ఆపాలి అని గట్టిగా అడిగినవాళ్లలో వీళ్లిద్దరూ ముందున్నారు. దెబ్బలు తిన్నవాళ్లే వద్దన్నాక మగతనం మాట ఎవరెత్తుతారు? 2013 డిసెంబరులో రూల్స్ కమిటీ ఇక మారుస్తున్నామని చెప్పింది. 2014 ఫిబ్రవరి 24న ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం కుదిరి, ఒక ఏడాది ప్రయోగంగా నిబంధన వచ్చింది. అప్పుడు దాని నెంబరు 7.13. ఇప్పుడు 6.01లో ఒక భాగం.

ఏముంది అందులో? రన్నరు తన నేరు దారి వదిలి క్యాచర్‌ని గుద్దడానికి వెళ్లకూడదు. తప్పించుకోగలిగిన ఢీని తానై తెచ్చిపెట్టుకోకూడదు. భుజం దించడం, చేతులతో మోచేతులతో నెట్టడం, ప్లేట్‌ని తాకే ప్రయత్నమే చెయ్యకపోవడం, ఇవన్నీ రన్నరు కావాలనే గుద్దాడనడానికి గుర్తులు. అంపైరు అలా తేల్చితే రన్నరు అవుట్. ఇదుగో అసలు కీలకం ఇక్కడుంది: క్యాచర్ చేతిలోంచి బంతి జారినా సరే, అవుటే. ఇంతకాలం గుద్దితే దొరికే లాభం ఏదైతే ఉందో దాన్నే తీసేశారు. నన్నడిగితే ఈ ఒక్క వాక్యం చాలు, మిగతాదంతా వివరణ.

రెండో వైపు, బంతి లేని క్యాచర్ దారి మూసెయ్యకూడదు. వస్తున్న బంతిని అందుకోవడానికి దారిలోకి రాక తప్పకపోతే అది తప్పు కాదు. ఆ మినహాయింపు దగ్గరే మొదటి ఏడాది పెద్ద తలనొప్పి వచ్చింది.

2014 జూలై 31, మయామి. మార్లిన్స్ 1-0 ఆధిక్యం, ఎనిమిదో ఇన్నింగ్స్. సిన్సినాటి రన్నరు జాక్ కోజార్ట్ మూడో బేసు నుంచి వచ్చాడు. జియాన్‌కార్లో స్టాంటన్ కుడివైపు నుంచి విసిరిన బంతి ఎంత ముందొచ్చిందంటే, క్యాచర్ జెఫ్ మాథిస్ తీరిగ్గా పట్టుకుని ఎదురుచూశాడు. అవుట్, ఎవరికీ అనుమానం లేదు. రీప్లే అడిగారు. వీడియో రీప్లే విస్తరించింది కూడా ఆ ఏడాదే, న్యూయార్క్‌లో కూర్చుని చూస్తారు, మన మూడో అంపైరు లాంటిదే. ఆరు నిమిషాలకు పైగా చూసి, బంతి రాకముందు మాథిస్ దారిలో నిలబడ్డాడు కాబట్టి రన్నరు సేఫ్ అన్నారు! సిన్సినాటి 3-1తో గెలిచింది. అక్షరం ప్రకారం చూస్తే తప్పు లేదు. కానీ అవుటవ్వాల్సినవాడు క్యాచర్ కాలు ఎక్కడుందన్న లెక్కతో బతికిపోయాడు. మార్లిన్స్ మేనేజరు మైక్ రెడ్‌మండ్ అరిచి అరిచి బయటికి పంపించబడ్డాడు. ఆయనా పాత క్యాచరే!

సెప్టెంబరులో లీగు వివరణ పంపింది. క్యాచర్ అడ్డం ఉన్నా లేకపోయినా రన్నరు ఎలాగూ అవుటయ్యేవాడే అయితే, అడ్డుపడినట్టు లెక్క కాదు అని. ఇప్పుడది నిబంధనలోనే ఉంది. చూడండి, మళ్లీ అంపైరు అంచనా మీదికే వచ్చింది. కొలబద్దతో తేలే విషయం కాదిది.

ఇక రెండో బేసు. ఇక్కడ లెక్క వేరు. మొదటి బేసులో ఒకడున్నాడు, బ్యాటర్ నేలబారున కొట్టాడు. మొదటివాడు రెండో బేసుకి వెళ్లి తీరాలి, ఖాళీ చెయ్యక తప్పదు. కాబట్టి ఫీల్డరు వాణ్ణి ముట్టుకోనక్కర్లేదు, బంతి చేతిలో పెట్టుకుని బేసు తొక్కితే చాలు. ఫోర్స్ అవుట్. తొక్కి, గిరుక్కున తిరిగి మొదటి బేసుకి విసిరితే రెండోవాడూ అవుట్, డబుల్ ప్లే. మరి ఎలాగూ అవుటయ్యే ఆ మొదటివాడు ఏం చేస్తాడు? స్లైడ్ చేసినట్టు చేసి, విసరబోయే ఫీల్డరు కాళ్లు లాగేస్తాడు. నేను పోతే పోయాను, వెనకవాణ్ణి బతికిస్తాను అని. దీన్ని త్యాగం అనుకునేవాళ్లు, జట్టుకోసం పడ్డాడు అనేవాళ్లు. 1977 అమెరికన్ లీగ్ ఫైనల్ సిరీస్‌లో కాన్సస్ సిటీ ఆటగాడు హాల్ మెక్రే, యాంకీస్ ఫీల్డరు విల్లీ రాండాల్ఫ్ మీదకి బేసు దాటేసి మరీ దొర్లుకుంటూ వెళ్లాడు. ఆ తర్వాత నిబంధనని కాస్త బిగించారు, జనం దాన్ని మెక్రే పేరుతోనే పిలిచారు. అయినా అలవాటు పోలేదు.

2015లో రెండు దెబ్బలు తగిలాయి. సెప్టెంబరులో పిట్స్‌బర్గ్ తరఫున ఆడుతున్న కొరియన్ ఆటగాడు కాంగ్ జంగ్-హోకి ఇలాంటి స్లైడ్‌లోనే కాలు విరిగింది. అక్టోబరు 10న లాస్ ఏంజెలస్‌లో ప్లేఆఫ్ మ్యాచ్, డాడ్జర్స్, మెట్స్. ఏడో ఇన్నింగ్స్, మెట్స్ 2-1 ఆధిక్యం. మొదటి బేసులో డాడ్జర్స్ రన్నరు చేజ్ అట్లీ. హౌవీ కెండ్రిక్ మధ్యలోకి కొట్టాడు, డేనియల్ మర్ఫీ పట్టి రెండో, మూడో బేసుల మధ్య నిలబడే ఫీల్డరు, షార్ట్‌స్టాప్ రూబెన్ తెహాదాకి అందించాడు. తెహాదా వీపు అట్లీవైపు. వచ్చేవాడు కనపడడు, ఒళ్లు తిప్పి విసరాలి. అట్లీ స్లైడ్ మొదలుపెట్టిందే బేసు పక్కకి వచ్చాక. దాన్ని స్లైడ్ అనాలంటే నాకు నోరు రావడం లేదు. తెహాదా గాల్లోకి లేచి పడ్డాడు, కుడి కాలి ఎముక విరిగింది.

మజా ఏమిటంటే, అట్లీ బేసుని ముట్టుకోనే లేదు. అవుటనుకుని లేచి వెళ్లిపోతున్నాడు. రీప్లేలో చూస్తే తెహాదా కూడా బేసు తొక్కలేదని తేలింది. కాలు విరిగినవాడు స్ట్రెచరు లాంటి బండి మీద వెళ్లాడు, విరగ్గొట్టినవాడు వచ్చి రెండో బేసులో నిలబడ్డాడు. సమం చేసే పరుగు వచ్చింది, డాడ్జర్స్ 5-2తో గెలిచారు. లీగు అధికారి జో టోరీ అట్లీకి రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు, అప్పీలు తర్వాత అదీ ఎత్తేశారు. ఏ నిబంధన కింద వేస్తారు మరి? తర్వాతి మ్యాచ్‌కి న్యూయార్క్‌లో ఆటగాళ్లని పరిచయం చేస్తున్నప్పుడు తెహాదా చేతికర్ర ఊతంతో కుంటుకుంటూ వచ్చాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. సిరీస్ మెట్స్ గెలిచారు.

2016 ఫిబ్రవరిలో కొత్త స్లైడ్ నిబంధన వచ్చింది. డబుల్ ప్లే దగ్గర స్లైడ్ నిజమైన స్లైడ్ అయి ఉండాలి: బేసుకి రాకముందే నేల తాకాలి, చేత్తోనో కాలితోనో బేసు అందుకునే ప్రయత్నం ఉండాలి, స్లైడ్ అయ్యాక బేసు మీదే ఆగే ప్రయత్నం ఉండాలి, ఫీల్డరు కోసం దారి మార్చకూడదు. ఇవి తప్పి అడ్డుపడితే రన్నరూ అవుట్, వెనక బ్యాటరూ అవుట్. ఎవర్ని బతికిద్దామని వెళ్లాడో వాడే పోతాడు. ఇక్కడా అదే మందు, లాభం తీసెయ్యడం. దీనితోపాటు ఫీల్డరుకి ఉన్న చిన్న వెసులుబాటు కూడా పోయింది. అంతకుముందు బేసు దరిదాపుల్లో కాలు పెడితే చాలు, అవుట్ ఇచ్చేసేవారు. ఇప్పుడు తొక్కాడా లేదా అని రీప్లేలో చూస్తారు.

సీజన్ మొదలైన మూడో రోజుకే రగడ. ఏప్రిల్ 5, టంపా బే మీద టొరంటో. తొమ్మిదో ఇన్నింగ్స్, విసురు గతి తప్పి రెండు పరుగులొచ్చి టొరంటో ముందుకెళ్లింది. రీప్లేలో చూస్తే రెండో బేసు దగ్గర టొరంటో రన్నరు హోసే బౌటిస్టా స్లైడ్ చేస్తూ చేత్తో ఫీల్డరు కాలు పట్టుకున్నాడు. డబుల్ ప్లే, ఆట అయిపోయింది, టంపా బే 3-2. గెలిచామని గంతులేసినవాళ్లు ఓడిపోయి ఇంటికెళ్లారు. మొదట్లో నాకూ అతిగానే అనిపించింది. ఆ కాలు పట్టుకోవడం చూశాక అనిపించలేదు.

జపాన్, కొరియా లీగులు కూడా 2016లోనే హోమ్ ప్లేట్ ఢీ నిబంధన తెచ్చుకున్నాయి. 2023లో ఇక్కడ బేసుల సైజు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, కాళ్లు కాళ్లు తొక్కుకోకుండా. హోమ్ ప్లేట్ మాత్రం అదే 17.

ఇంకొక్కటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఇదంతా కావాలని చేసే తప్పుల గురించేనా అంటే, కాదు. 2013 వరల్డ్ సిరీస్ మూడో మ్యాచ్, సెయింట్ లూయిస్, స్కోరు 4-4, తొమ్మిదో ఇన్నింగ్స్. బోస్టన్ క్యాచర్ మూడో బేసుకి విసిరిన బంతి తప్పిపోయింది. దాన్ని ఆపబోయి విల్ మిడిల్‌బ్రూక్స్ బోర్లా పడ్డాడు. సెయింట్ లూయిస్ రన్నరు అలెన్ క్రెయిగ్ లేచి ఇంటివైపు పరుగెత్తబోయి, నేల మీదున్న ఆ మనిషి మీద తట్టుకుని పడ్డాడు. మళ్లీ లేచి, అసలే పాదం బాగాలేనివాడు, కుంటుతూ వచ్చాడు. బంతి ముందే వచ్చింది, ట్యాగ్ చేశారు. అయినా సేఫ్. మూడో బేసు అంపైరు జిమ్ జాయిస్ అప్పటికే అబ్‌స్ట్రక్షన్ చూపించేశాడు. వరల్డ్ సిరీస్ మ్యాచ్ ఒకటి అబ్‌స్ట్రక్షన్‌తో ముగియడం అదే మొదటిసారి. మిడిల్‌బ్రూక్స్ కావాలని పడుకోలేదు. నిబంధనకి అది అక్కర్లేదు. బంతి దాటిపోయింది, నువ్వు దారిలో ఉన్నావు, అంతే.

దీనికి అద్దంలో బొమ్మలాంటిది 2024 మే 23న చికాగోలో జరిగింది. బాల్టిమోర్ 8-6 ఆధిక్యం. గాల్లోకి లేచిన బంతి కోసం షార్ట్‌స్టాప్ గన్నర్ హెండర్సన్ వస్తుంటే, రెండో బేసుకి తాపీగా తిరిగి వెళుతున్న ఆండ్రూ వాన్ అతనికి అడ్డమయ్యాడు. హెండర్సన్ క్యాచ్ పట్టాడు కూడా. అయినా ఇంటర్‌ఫియరెన్స్, వాన్ అవుట్, ఆట ముగిసింది. చికాగో జట్టు వైట్ సాక్స్ అభిమానులు లబోదిబోమన్నారు. నాకు మనసొప్పదు గానీ పుస్తకం అదే చెబుతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరుసలోంచి ఒక పెద్దాయన: "ఇన్ని నిబంధనలు పెడితే ఆటలో పస పోదా అండీ?")

బాబాయ్‌గారూ, ఈ ప్రశ్న పెద్ద పెద్ద ఆటగాళ్లే అడిగారు. పీట్ రోజ్ కూడా అడిగారు. నా మట్టుకు నాకు ప్లేట్ దగ్గర ఇప్పుడే ఎక్కువ మజా. క్యాచర్లు ఇప్పుడు ప్లేట్ ముందుకి, మైదానం లోపలివైపుకి జరిగి నిలబడతారు. రన్నరుకి దారి వదలాలి కదా. బంతి పట్టగానే చెయ్యి గిరుక్కున తిప్పి ట్యాగ్ చెయ్యాలి. రన్నరు పక్కనుంచి స్లైడ్ చేసి, ఒక చెయ్యి ముందుకు చాచి, గ్లవ్ దగ్గరికి రాగానే దాన్ని వెనక్కి లాగి రెండో చేత్తో ప్లేట్ తాకుతాడు. కబడ్డీలో చూస్తాం చూడండి, గీత మీద వేళ్లు. అలాంటి ఒడుపు. గుద్దడానికి ఒడుపక్కర్లేదు, బరువుంటే చాలు.

(వెనక నుంచి ఒకావిడ: "అంటే ఇప్పుడు దెబ్బలే తగలడం లేదాండీ?")

తగులుతున్నాయమ్మా. 2019 జూలైలో హ్యూస్టన్‌లో జేక్ మారిస్నిక్ వచ్చి క్యాచర్ జోనథన్ లుక్రాయ్‌ని గుద్దాడు. ముక్కు విరిగింది, కంకషన్. ఢీ తప్పించడానికే లోపలివైపుకి తిరిగానని మారిస్నిక్ అన్నాడు, లుక్రాయ్ కూడా బంతి కోసం అటే వచ్చాడు. అవుట్ ఇచ్చారు, రెండు మ్యాచ్‌లు సస్పెండ్ చేశారు. ఆయన క్షమాపణ చెప్పాడు, నేను నమ్మాను. ఆ వేగంలో కాళ్లు ఒకటి అనుకుంటాయి, దారి ఇంకొకటి అంటుంది. అయితే తేడా ఒకటుంది. 1970లో అయితే ఇదే దృశ్యానికి చప్పట్లు.

మరో సంగతి, మన పిల్లల లీగుల్లో ఈ పద్ధతి ఎప్పటినుంచో ఉంది. బంతి పట్టుకుని ఎదురుచూస్తున్న ఫీల్డరుని గుద్దితే అవుట్. స్లైడ్ చెయ్యాలి లేదా తప్పుకుని వెళ్లాలి. చిన్నపిల్లలు ముందు బేసుకి వెళుతూ తల ముందుకు పెట్టి స్లైడ్ చెయ్యకూడదు కూడా. పెద్దవాళ్లు పిల్లల దగ్గర నేర్చుకున్నారనుకోవచ్చు.

చివరి ప్రశ్న. ఆ చిన్నబాబు చాలాసేపట్నుంచి చెయ్యెత్తే ఉంచాడు. చెప్పు నాన్నా.

("అంకుల్, నేను క్యాచర్‌ని. బంతి ఇంకా రాలేదు, వాడు వచ్చేస్తున్నాడు. అప్పుడేం చెయ్యాలి?")

ఎడమ కాలు ప్లేట్ ముందు మూల దగ్గర పెట్టు, లోపలివైపు. వాడి దారి ఖాళీగా ఉంచు. కళ్లు బంతి మీదే, వాడి మీద కాదు. బంతి గ్లవ్‌లో పడ్డ చప్పుడు వినపడ్డాకే ఒళ్లు తిప్పు. ముందే తిప్పితే బంతి జారుతుంది. మోకాళ్ల మీద మాత్రం కూర్చోకు, పాదం ఒంటి కింద పెట్టుకోకు. సరేనా? ఏదీ, ఇలా పైకి రా, ఒకసారి నిలబడి చూపించు.